పెద్దమ్మ వసూలు చేసుకున్న రిసార్టు ఫీజు

కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో, నవ్వుతూ చెబితే జనం ఏదైనా నమ్ముతారనుకునేదాన్ని. మొయినాబాద్ దగ్గర ఒక రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం. గది కిరాయి మీద 'రిసార్టు ఫీజు' అని ఇంకొకటి ఉండేది. అదెందుకని అతిథులు కళ్లెర్రజేస్తే, దాంతో వచ్చే సౌకర్యాలు చిరునవ్వుతో అప్పజెప్పడం నా పని. (మా మేనేజరుకు మేము చాటుగా పెట్టుకున్న పేరు 'స్మైల్ సార్'.) ఆ వారమే నా ఉద్యోగం పర్మినెంటు అవుతుందో ఊడుతుందో తేలాలి. మా బాపు మాత్రం పర్మినెంటేనని మా ఊరు చేవెళ్లంతా చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ దిగింది, తోడికోడలిని వెంటేసుకుని. అల్లుడు గది బుక్ చేశాడట. "కిరాయి కట్టినంక మల్ల గీ ఫీజేందే?" అంది. "ఈతకొలను, సైకిళ్లు, వైఫై అన్నీ దాంట్లనే పెద్దమ్మా. తోటల కూరగాయలు గూడ కోసుకోవచ్చు" అన్నాను. "ఈత రాదు, సైకిల్ రాదు, నీ వైఫై ఏందో తెల్వనే తెల్వది. తోట పనైతే వస్తది" అంది. నేను నవ్వాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

నగరం నుంచి వచ్చేవాళ్లు రెండు టమాటలు తెంపి, ఫోటో దిగి వెళ్లిపోయేవారు. పుట్టినప్పటి నుంచి మార్కెట్‌కు కూరగాయలు పంపిన మా వాళ్లు అలా ఎలా ఊరుకుంటారు? తెల్లారేసరికి తోటలో ఒక్క కాయ లేదు. అన్నీ సైజుల వారీగా ఏరి, మూటలు కట్టేశారు. "పండినయి చెట్టుకిడిస్తే కుళ్లిపోవా బిడ్డా? నీ కొలువుకాడ జర సాయం చేసినం" అంది పెద్దమ్మ గర్వంగా.

అవతల ఏదో కంపెనీ వాళ్లు కుటుంబాలతో వచ్చిన బస్సు గేటు దాటింది. టిఫిన్ కాగానే వాళ్ల మొదటి కార్యక్రమం తోటలో కాయలు కోయడమే. నాకు ఏడుపొచ్చింది. "గంతకేనా? దారం తేపో!" అంది పెద్దమ్మ. ముగ్గురం కూర్చుని కాయలన్నీ మళ్లీ చెట్లకు కట్టాం. వాళ్లిద్దరివీ బంతిమాలలు కట్టిన చేతులు, చకచకా సాగాయి. నేను మాత్రం ఏ కాయ ఏ చెట్టుదో చూడకుండా కట్టేశాను.

అతిథులు వచ్చారు. ఒక చిన్న పాప ఆగి, "ఆంటీ, టమాట చెట్టుకు వంకాయ కాసిందేంటి?" అంది. (అది నేను కట్టిందే.) స్మైల్ సార్ నా పక్కనే ఉన్నారు. వెనక నుంచి పెద్దమ్మ, "కొత్త రకం బిడ్డా, మా దిక్కు గిట్లనే కాస్తయి" అంది. సార్ వంగి వంకాయ పట్టుకుంటే దారంతో సహా చేతికొచ్చింది. అంతే, బస్సు మొత్తం విరగబడి నవ్వి, దారాలు విప్పడానికి పోటీ పడింది. "ఈ ఆట కూడా ఫీజులోదేనా?" అని ఎవరో అడిగారు. సార్ ముఖాన చిరునవ్వు తిరిగొచ్చింది. "అంతా ఫీజులోదే మేడమ్!"

సాయంత్రం నాకు పర్మినెంటు ఉత్తర్వు ఇస్తూ ఒక్కటే అన్నారు: "మీ పెద్దమ్మగారు మళ్లీ వస్తే గది మాత్రం ఇవ్వమ్మా. ఫీజు వద్దు."

ఇప్పుడు నా కూతురు పాపతో ఎక్కడికైనా వెళ్లాలంటే హోటలుకు ముందే ఫోన్ చేసి, ఆ ఫీజులో ఏమేం ఉన్నాయో, కొలను ఎంత లోతో, చుట్టూ కంచె ఉందో లేదో అడిగి అడిగి అవతలి అమ్మాయిని విసిగిస్తాను. ఆమె నవ్వుతూనే జవాబిస్తుంది, పాపం. అప్పటి నాకు భయం లేక కాదు, భయపడే తీరిక లేదంతే. పాప నిద్రపోయాక ఇప్పుడు తీరికే తీరిక. రిసెప్షన్‌లో నవ్వుతూ నిలబడ్డ అప్పటి ఆ పిల్ల ఒక్కసారి వచ్చి, నా బదులు ఆ ఫోన్ పెట్టేసి పోతే బాగుండును.