నత్తల పులుసు మీద తేలని కొవ్వు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. మనవరాలు కూర్చోబెట్టి దిద్దించేవరకు నా కోపమంతా గొంతులోనే ఉండిపోయింది, చెప్పబోతే మాటకంటే ముందు ఏడుపొచ్చేది, అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

మొన్న పంజాగుట్టలో మా ఇంటి గడప మీద కూర్చుని ఆ పిల్ల మైత్రీవనం కోచింగ్ పాఠం పైకి చదువుతున్నది. మంచినీటి నత్తలో బల్లపరుపు పురుగులు చేరితే దాని ఒంట్లో కొవ్వు మారిపోతుందని, కొన్నింటిలో బాగా తరిగిపోతుందని వినగానే చేతిలో చిక్కుడుకాయలు వదిలేసి మళ్లీ చదవమన్నాను. "గిందులో నీకేం సమజైంది నానమ్మా?" అని నవ్వింది. అంతా సమజైంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన దగ్గుతో మంచం పడితే, బలానికని అత్త ఊరి కుంటలో నత్తలు తెప్పించేది. ఉడికించి, పిన్నీసుతో మాంసం లాగి, పులుసు పెట్టడం నా పని. మూత తీసి పైన కొవ్వు తేలిందా అని చూడటం ఆమె పని. తేలితేనే బలం. ఆ ఏడు, బర్రెలు పొర్లే ఆ కుంట నత్తల తోకల్లో తెల్లటి నలకలుండేవి, ఎంత ఉడికించినా పులుసు నీళ్లలాగే ఉండేది. "మొగని నోటికాడిది నువ్వే మింగినవ్" అన్నది అత్త, వాడకట్టంతా వినేలా. నలకలు చూపిస్తే చూడనే లేదు. ఆ తర్వాత నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన కోలుకున్నాడు, నా పేరు కోలుకోలేదు. ఆడబిడ్డ నన్ను కొవ్వుదొంగ అని పిలవడం మొదలుపెట్టింది. పోయిన బోనాలకు సుత, నా మనవరాలి ముందరే, "మా వదినకు మాంసం గిన్నె అప్పజెప్పకుండ్రి, జర పైలం!" అని పకపక నవ్వింది.

ఇప్పుడు మా ఇంట్లో చట్నీ పలచనైతే మిక్సీని తిడతారు, కోడలిని కాదు. సంతోషమే. కానీ మా రోజుల్లో ఏది చెడినా తప్పు పొయ్యి ముందు నిలబడ్డ ఆడదానిదే. పురుగు తిన్నదానికి నేను దొంగనయ్యాను.

ఇంతవరకు ఆ సాయంత్రమే రాశాను. తెల్లవారి బల్కంపేటలోని ఆడబిడ్డ ఇంటికి నడిచిపోయి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఇదంతా చదివి వినిపించాను. ఈసారి ఆమె నవ్వలేదు. "అమ్మ పోయె, అన్న పోయె, ఇప్పుడు ఎవరికోసం వదినా గిదంత?" అన్నది.

"నేనింక బతికే ఉన్న గద" అన్నాను. కాగితం తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివాను.