పసుపంటిన గిటారు

పెట్టె తెరవగానే ముందు లక్క పాలిష్ వాసన వస్తుంది, దాని వెనకాల కాస్త ఆలస్యంగా పసుపు వాసన వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత పసుపుకి ఇంకా వాసనేమిటని మా ఇంట్లోవాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. నా ముక్కుకి వస్తోంది, వాళ్ల ముక్కులతో నాకు పనిలేదు.

ఈ గిటారు మా అమ్మ తమ్ముడు సూరి మావయ్యది. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన, గూడ్సుబండి పోయినప్పుడల్లా అలమారలో గ్లాసులు గలగలమనే మా రెండు గదుల పెంకుటింట్లో అమ్మ, నాన్న, నేను, మావయ్య, తగరపువలస దగ్గర పల్లెలో పొలం పనులు మానుకుని కొడుకు వెంట వచ్చేసిన అమ్మమ్మ, అందరం సర్దుకుని ఉండేవాళ్లం. మావయ్య పగలంతా పోర్టులో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి, సాయంత్రం ఎవరి గిటారో అడిగి తెచ్చుకుని గుమ్మంలో కూర్చునేవాడు. కరెంటు గిటారంటే అతనికి పిచ్చి. విదేశీ ఓడ వచ్చిందంటే చాలు, దిగే నావికుల మొహాలు కాదు, భుజాలు చూసేవాడు, ఎవరికైనా గిటారు వేలాడుతోందేమోనని.

అది చివరికి ఓడలో కాదు, పూర్ణా మార్కెట్లో దొరికింది. ముసురు పట్టిన ఒక ఆదివారం చేపల కోసం వెళ్తూ మావయ్య నన్ను వెంటబెట్టుకెళ్లాడు. ఓడల పాత సామాన్లు అమ్మే కొట్టులో, తాళ్ల చుట్టలకీ తుప్పు లాంతర్లకీ మధ్య, తీగల్లేకుండా, మెడ వంగి, ఎర్రరంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతూ వేలాడుతోంది. మావయ్య గొడుగు మూయడం కూడా మరిచిపోయి లోపలికి నడిచాడు. మేం చేపలు లేకుండా ఇంటికొచ్చాం.

అమ్మమ్మ సంచీలోకి తొంగిచూసి, తర్వాత గిటారుని ఎగాదిగా చూసింది.

"సేపలు తెమ్మంటే ఇదేటిరా, ఎండిపోయిన టేకుసేపలాగుంది?" టేకుచేపంటే ఒళ్లు పళ్లెంలా, తోక పొడుగ్గా ఉంటుంది.

ఆ వానాకాలమంతా ఇంట్లో దాని వైద్యమే. వన్‌టౌన్‌లో బీరువాలకు పాలిష్ పెట్టే జలీల్ భాయ్ దాని మెడను చెక్కకు బిగించి కొద్దికొద్దిగా వంపు తీశాడు. స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో పూత మీద పూత వేశాడు. తీగల కింద ఉండే నల్లటి డబ్బీని మాత్రం మావయ్య ఎవరి చేతికీ ఇవ్వలేదు. తీగ కదలికను శబ్దంగా మార్చేది అందులోని రాగి చుట్టేనని నాకు చెప్పి, పాత రేడియోల్లోంచి తీసిన వెంట్రుకలాంటి తీగను, అమ్మ కుట్టుమిషను చక్రం సాయంతో, ఊపిరి బిగబట్టి తనే చుట్టాడు. రేడియోకి తగిలించి మొదటిసారి మీటినప్పుడు ఇల్లంతా ఖంగుమంది. గచ్చకాయలాడుతున్న నేను కాయలన్నీ జారవిడిచేశాను. సొంత గిటారు ఉంటే దసరా పందిట్లో తమతో వాయించవచ్చని మా పేట ఆర్కెస్ట్రా వాళ్లు ఏనాడో మాటిచ్చారు. ఆ మాట కోసమే మావయ్య ఇన్నాళ్లు తిరిగాడు.

దసరా రానే వచ్చింది. మా వీధిలో సైకిళ్లకు, కుట్టుమిషన్లకు, మంగలి కత్తెరలకు కూడా బొట్లు పెట్టి, లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే రోజది. మావయ్య పొద్దున్నే పోర్టులో పూజకెళ్లాడు. నేను పక్కింట్లో పులిహోర తింటున్నాను. మేమిద్దరం ఇంటికొచ్చేసరికి గిటారు పీట మీద, బంతిపూల దండతో, ఒళ్లంతా పసుపుతో, నీళ్లోడుతూ నిలబడి ఉంది.

"సూసినావేటిరా సూరీ? నాగలికి సేసినట్టే, శుబ్బరంగా కడిగి పసుపు రాసినాను నాను," అంది అమ్మమ్మ, చెంబు చేతిలో పట్టుకుని, వెలిగిపోతున్న మొహంతో.

మావయ్య దగ్గరికెళ్లి జారుతున్న దండ సర్దాడు. "బాగుందమ్మా," అన్నాడు.

ఆమె బూరెలు వేయడానికి వంటింట్లోకి వెళ్లాక తుడిచి, ఆరబెట్టి, రేడియోకి తగిలించి మీటాడు. మళ్లీ మీటాడు. వంటింట్లో నూనె చిటపట తప్ప ఏమీ వినిపించలేదు. తడికి డబ్బీలోని చుట్ట పాడైంది. నాకు ఏడుపొచ్చేసింది. మావయ్య పెదవి మీద వేలుంచుకుని వంటింటి వైపు చూపించాడు.

సాయంత్రం అమ్మమ్మ జరీ అంచు చీర కట్టుకుని పందిట్లో ముందు వరసలో కూర్చుంది. వేదిక పక్కన మావయ్య సంగతంతా చెప్పేసరికి అకార్డియన్ వాయించే అతను ఆమె వైపు ఓసారి చూసి, "అమ్మొచ్చింది గదా బావా, నువ్వలా వాయిత్తన్నట్టు నిలబడు. మిగతాది నాను సూసుకుంతాను," అన్నాడు. ఆ మాటకి నేను ఇప్పటికీ అతనికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. మావయ్య ప్రతి పాటకీ తీగల మీద వేళ్లు సరిగ్గా ఆడించాడు. ఒక్క స్వరమూ బయటికి రాలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "అందరికన్నా నీదే బాగా ఇనబడిందిరా."

తర్వాత మావయ్య కొత్త చుట్ట చుట్టాడు, గిటారు మళ్లీ పలికింది, ఆర్కెస్ట్రాలో అతనికి చోటూ నిలిచింది. జరిగింది అమ్మమ్మకి మేమెవ్వరం చెప్పలేదు. మళ్లీ దసరాకి ఆమె కుట్టుమిషనుకీ సైకిలుకీ నీళ్లు చల్లి, పసుపు రాసి, గిటారు దగ్గరికి వచ్చేసరికి చెంబుని దూరంగా గడప అవతల పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని, పొడి కుంకుమ చిటికెడు తీసుకుని, ఆ డబ్బీకి దూరంగా, మెడ చిట్టచివర కర్ర మీద ఒక్క చుక్క అద్దింది. పోయినేడు పందిట్లో ఏమీ వినబడలేదని ఆమెకి తెలుసని నాకప్పుడు అర్థమైంది. మావయ్యకీ అర్థమైంది. వెళ్లి ఆమె పక్కన కూర్చుని పూర్ణం ఉండలు చుట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంటు లేచింది. పందిళ్లలో మనిషెత్తు స్పీకర్లున్నాయి గానీ వాయించే మనుషులు లేరు. మొన్న తీగలు మార్చడానికొచ్చిన కుర్రాడు, స్క్రూల చుట్టూ ఇంకిపోయిన పసుపునీ చివరనున్న ఎర్రచుక్కనీ గీకేసి కొత్త గిటారులా చేసిస్తానన్నాడు. వద్దన్నాను. ఒకటి అమ్మమ్మ తెలియక పెట్టింది, ఒకటి తెలిసి పెట్టింది. నాకు రెండూ కావాలి.