మానుకోట మిస్త్రీ వద్దన్న ప్లేటు

మానుకోటలో మా జీపుల మిస్త్రీ పోయాడన్న కబురు నాకు జనగామలో అందింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతానని ఆయనే నన్ను ఆటపట్టించేవాడు. ఇంత తిరిగీ, రావలసిన వేళకు రాలేకపోయాను.

జనగామ నుంచి భూపాలపల్లి దాకా అడవి బాటల్లో జీపులు తోలేవాళ్లకు క్లచ్ ప్లేటు అంటే ఆయనే గుర్తొచ్చేవాడు. ఇంజను బలాన్ని గేర్లకు అందించే ఆ గుండ్రటి బిళ్లను ముట్టుకునే ముందు బట్టల సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. జిడ్డు తగిలితే పట్టు పోతుందట. పాత ప్లేటునూ కొత్తదాన్నీ పేపరు మీద పక్కపక్కన పెట్టి, గోరుతో మందం కొలిచేవాడు. అంచు పట్టుకుని వెలుతురులోకి ఎత్తి వంకర ఉందేమో చూసేవాడు. ఎవరెంత తొందరపెట్టినా అదే తీరు. కొత్తదా పాతదా అని కాదు, నీ బండికి కూర్చుంటుందా అని అడగమనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తెలంగాణ ఉద్యమం సద్దుమణిగిన మరుసటి ఏటి వానాకాలం. గూడూరు అవతలి పల్లెలో మా అక్కకు నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే కబురొచ్చింది. వానలకు బస్సు బంద్. నా జీపేమో మిస్త్రీ షెడ్డులో క్లచ్ విప్పేసి ఉంది. జనగామలో నేనే కొనుక్కొచ్చిన కొత్త ప్లేటును ఆయన గోరుతో తడిమి పక్కన పెట్టేశాడు.

"గిది మందమున్నది తమ్మీ. పెడల్ తొక్కినా ఇంజను గేర్లను ఇడువదు. నీ పాతదానికే కొత్త లైనింగు కొడ్త. పొద్దుగూకేసరికి అయితది."

"ఆడ మా అక్క పానం మీదికొచ్చింది. నువ్వు గోరుతోని కొలుసుకుంట కూసో," అన్నాను.

పాత సరుకు అంటగట్టాలని చూస్తున్నావని కూడా అన్నాను. ఆయన వయసులో సగం లేను నేను. ఆయన నేను తెచ్చిందే బిగించాడు. చేతులు కడుక్కుని, పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

పోయేటప్పుడు గేర్లు మొరాయిస్తున్నా ఎట్లాగో చేరాం. అక్కనూ బావనూ ఎక్కించుకుని తిరిగి వస్తుంటే వాగు నడుమ ఇంజను ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను గానీ, ఎంత తొక్కినా గేరు పడలేదు. నీళ్లు పెరుగుతున్నాయి. అక్క మూలుగుతుంటే నేను పెడల్ తొక్కుతూనే ఉన్నాను. మిస్త్రీ వెనక నుంచి ముందుకొచ్చి నన్ను పక్కకు జరిపి, ఇంజను ఆపేసి, ఫస్టు గేరు వేసి అలాగే స్టార్టర్ నొక్కాడు. జీపు ఎగిరెగిరి దూకుతూ ఒడ్డెక్కింది.

దవాఖానలో మేనకోడలు పుట్టింది. ఆ పిల్ల ఇవాళ బడికి పోతోందంటే ఆయన చేతి చలవే. కానీ ఆ రోజు వరండాలో మా బావ, క్లచ్ ప్లేటు వల్లే బండి ఆగిందని విని కోపంతో ఊగిపోతూ, ఆ ప్లేటు వేసిందెవరని నిలదీశాడు.

"నేనే ఏసిన," అన్నాడు మిస్త్రీ.

నేను నోరు విప్పలేదు. బావ ఆ సంగతి ఊరూరా చెప్పాడు. భూపాలపల్లి జీపులు ఆయన షెడ్డుకు రావడం మానేశాయి. ఆయన మాత్రం నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను పోయినప్పుడల్లా ఇంట్లోకి పిలిచి చాయ్ తాగించేవాడు. నిజం చెప్పాలనే పోయేవాణ్ణి. సగం తాగి, పనుందని లేచి వచ్చేసేవాణ్ణి. ఇట్లా పదేళ్లు దాటాయి.

మొన్న ఆయన ఇంటి ముందు డ్రైవర్లు కూర్చుని ఆయన్నే తలుచుకుంటున్నారు. మంచి చెయ్యి, ఆ వాగు కాడి ప్లేటు ఒక్కటే తప్పిందని ఎవరో అన్నారు. ఇక ఉండబట్టలేక, ఆ ప్లేటు తెచ్చింది నేననీ, ఆయన వద్దంటున్నా వేయించింది నేననీ అందరి ముందూ చెప్పేశాను. మిస్త్రీ భార్య గడప దగ్గర చాప మీద కూర్చుని వింటోంది.

"నాకు ఆ దినమే చెప్పిండు," అంది. "నువ్వొచ్చినప్పుడల్లా, ఇయ్యాల చెప్తడేమో, చాయ్ పెట్టు అనేటోడు."

చాప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేకపోయాను.