అవుసులాయన తొలిచిన జెట్లు

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు బండి గుట్ట ఎక్కుడు మధ్యలో ఆగింది. నేను వెనక నుంచి దిగాను. ఆయన దిగలేదు. కిక్కు కొట్టి, మొదటి గేరులో ఒక్కడే పైకి పోయాడు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని నేను వెనక నడిచాను. ఆ ఫిబ్రవరిలో రోజూ ఇదే పని. ఒక్కరితో ఎక్కే బండి ఇద్దరితో ఎక్కేది కాదు. నేను పైకి చేరేసరికి ఆయన ఒక రాయి మీద కూర్చొని ఉండేవాడు. మా ఆయన సంగతి చెప్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. మేం సరిహద్దుకు మరాఠీ వైపు, సిరొంచ దగ్గర బామ్నిలో ఉండేవాళ్లం. ఆయన వరి పండించేవాడు. నాకు జింగనూర్ వైపు అడవిలో ఒక చిన్న ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. పేరు శిక్షణ సేవక్, అంటే ఇంకా పక్కా కాని టీచరు. మూడేళ్లు వంక లేకుండా పనిచేస్తే పక్కా చేస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడేవారు, పుస్తకంలో మరాఠీ చదివేవారు, ఆటలో కొట్లాడుకుంటే నాకు తెలుగులో ఫిర్యాదు చేసేవారు. ఆ ఉద్యోగం నాకు ఇష్టం. అంతకంటే గొప్ప మాట దానికి అక్కర్లేదు.

చుట్టుపక్కల బడులను చూసే కేంద్రప్రముఖ్ ఒకరోజు వచ్చి హాజరు పుస్తకం తిరగేశాడు. కోపిష్టి మనిషి కాదు. మెల్లగానే చెప్పాడు.

"బాయీ, హోళీ అయినంక సకాళ్ శాళా. పొద్దుగాల ఏడున్నరకు గంట కొట్టాలె. ఇప్పటికే రెండుసార్లు లేటని రాసిన. మూడోసారి అయితే నేనేం చెయ్యలేను. ఈడనే ఉండుండ్రి, లేకుంటే రాజీనామా ఇయ్యుండ్రి."

అక్కడే ఉండడం కుదరదు. మా అత్తకు పక్షవాతం. ఆమెను లేపి కూర్చోబెట్టడానికి రెండు పూటలా ఇద్దరం కావాలి. బస్సు రోజుకు ఒకటే, అదీ మధ్యాహ్నం. పొద్దున ఆమె పని చేసి బయలుదేరితే ఎక్కుడు నడిచి ఎక్కే సమయం మిగలదు. అంటే బండి ఇద్దరినీ మోస్తే ఉద్యోగం ఉంటుంది, మోయకపోతే ఉండదు. హోళీకి మూడు వారాలు ఉంది.

మా ఇంట్లో బండి రిపేరు పుస్తకం ఒకటి ఉండేది. చామోర్షి బజారులో పాత సామాన్ల మధ్య ఆయనకు దొరికింది. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి నేను చదివి చెప్పేదాన్ని. అప్పటికి నేను చాలా పుస్తకాలు చదివి ఉన్నాను గానీ ఇంత తిన్నగా రాసినది తక్కువ చూశాను. గాలి ఇంత, పెట్రోలు ఇంత, రెండూ లెక్క ప్రకారం కలవాలి, కలవకపోతే ఏమవుతుంది. అంతే. ఒక సాయంత్రం గాలి డబ్బా గురించి చదువుతున్నాను. సీటు కింద నల్ల డబ్బా ఉంటుంది. ఇంజనులోకి పోయే గాలి దానిలో వడపోతకు వస్తుంది.

ఆయన అప్పటికే డబ్బా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏమే, దీని నోరు చూసినవా? గింతంత ఉన్నది. ఇద్దరిని మోసుకుంట ఎట్ల ఎక్కుతదది? ముక్కు మూసి గుట్ట ఎక్కుమన్నట్టున్నది."

"జర ఆగు. ఇంక రెండు పేజీలున్నయి."

"రేపు చదువుదువు తియ్యి, పంతులమ్మా."

డబ్బా నోటికి ఉన్న రబ్బరు గొట్టం పీకేశాడు. కొడవలి పిడికి చిల్లు కాల్చే చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి, మూతకు ఎనిమిది రంధ్రాలు వేశాడు. ఇల్లంతా ప్లాస్టిక్ కంపు. అత్త మంచం మీద నుంచి తిట్టింది. తెల్లారి బండి చప్పుడు మారిపోయింది. సన్నగా కొట్టుకునేది కాస్తా బొంగురుగా అరిచింది. పక్కింటి మనిషి గోడ మీద నుంచి తొంగిచూశాడు.

"ట్రాక్టర్ తెచ్చినవా ఏంది?"

"ఇగ సూడు, గుట్టలన్నీ చదును చేస్త!" అన్నాడు ఆయన.

ఆ ఆదివారం ఇద్దరం ఎక్కుడు దగ్గరికి పరీక్షకు పోయాం. బండి పెద్ద చప్పుడు చేస్తూ, ఇంతకుముందు ఆగే చోటికి ఇంకా చాలా కిందనే ఆగిపోయింది. ఇంజను మీద చెయ్యి పెట్టనివ్వలేదు, అంత వేడి. ఆయన ప్లగ్గు విప్పి చూశాడు. కొస సున్నంలా తెల్లగా ఉంది. నేను సంచిలోంచి పుస్తకం తీసి, మిగిలిన ఆ రెండు పేజీలు రోడ్డు పక్క నిలబడి చదివాను. గాలి దారి పెంచితే పెట్రోలు జెట్ కూడా పెద్దది వేయాలి. లేకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, ఇంజను కాగిపోతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, బరువు మీద బలం ఉండదు.

"గిది ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు.

"ఆగుమంటే ఆగినవా?"

"గట్టిగ చెప్పాలె. నువ్వు పిల్లలకు చెప్పినట్టు మెల్లగ చెప్పవడ్తివి."

బండి తోసుకుంటూ ఎక్కుడు దిగాం. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు బండిని స్టాండు మీద పెట్టాల్సి వచ్చింది.

జెట్ అంటే శనగగింజంత ఇత్తడి మర. దాని నడుమ వెంట్రుకకు కొంచెం లావైన రంధ్రం. బండి జోరు మీద ఉన్నప్పుడు ఇంజనుకు పెట్రోలంతా అందులోంచే పోతుంది. సిరొంచలో బండ్ల మిస్త్రీ దగ్గర పెద్ద జెట్ లేదు. చంద్రాపూర్ నుంచి తెప్పించాలంటే పదిహేను రోజులు అన్నాడు. హోళీ అంతకంటే ముందే ఉంది. చివరికి ఒక తుక్కు బండిలో గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్ విప్పి, మా దానిలాంటి జెట్ ఇంకోటి చేతిలో పెట్టాడు.

"రెండున్నయి. తొలిపిచ్చుకోండ్రి. నా దగ్గర గంత సన్న బర్మా లేదు."

అంత సన్నగా తొలిచే బర్మా ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలుసు. మా పుట్టిల్లు సిరొంచే. మా వీధి చివర బంగారు పని చేసే పెద్దాయన ఉండేవాడు. అవుసులాయన అనేవాళ్లం. నా ముక్కుపుల్ల, నా పుస్తెలు ఆయన చేసినవే. మేం పోయేసరికి కుంపటి ముందు కూర్చొని ఉన్నాడు.

"ఏం బిడ్డా, పుస్తెలతాడు గిట్ల తెగిందా?"

"లే కాకా. ఇది జర తొలవాలె."

చిమటాతో జెట్‌ను ఎత్తి, కంటి దగ్గర పెట్టుకొని అటూ ఇటూ తిప్పాడు.

"ఇత్తడిది. ఇది ఏ దేవునికి?"

"బండికి, మామా," అన్నాడు మా ఆయన. నేను ఆయనకు బిడ్డనైతే మా ఆయన అల్లుడే కదా.

"బండికి ముక్కుపుల్ల చేపిస్తున్నవా అల్లుడా? నా బిడ్డకు ఏం చేపిస్తవు మరి?"

"ముందుగాల బండిది కానియ్యి. బండి ఎక్కితేనే నీ బిడ్డకు ఉద్యోగం."

"ఎంత పెద్దగ కావాలె?"

"జరంత."

"జరంత అనే కొలత నా దగ్గర లేదు."

ఆయన దగ్గర తీగలు ఉన్నాయి. వరుసగా, ఒకదాని కంటే ఒకటి లావు. పాత రంధ్రంలో సరిగ్గా పట్టే తీగను వెతికాడు. దాని పక్క తీగ పట్టేంత తొలవమన్నాం. అది పుస్తకంలో ఉన్న లెక్క కాదు, మేం చేసిన లెక్క. వేళ్లతో తిప్పే చిన్న బర్మా పెట్టి, గాలి కూడా పీల్చకుండా తొలిచాడు. తొలిచిన తర్వాత ఇంకేదో పనిముట్టు తీసి రెండుసార్లు తిప్పాడు. బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆ జెట్ మెరిసిపోతోంది. అంత అందమైన వస్తువు ఆ కార్బ్యురేటర్‌లో ఎప్పుడూ ఉండి ఉండదు.

బిగించి కిక్కు కొడితే బండి నల్లటి పొగ వదిలింది. దగ్గింది. యాక్సిలరేటర్ తిప్పితే గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. ప్లగ్గు ఈసారి మసిబొగ్గు. పెట్రోలు ఎక్కువైపోయింది. జెట్ విప్పి తీగ పెట్టి చూస్తే తీగ సరిగ్గానే పడుతోంది. రంధ్రం కొలత తప్పలేదు. నేను దాన్ని ఎండకు పెట్టి చూశాను. రంధ్రం మొదట్లో అంచు లేదు. గిన్నె నోరులా వెడల్పుగా, నున్నగా లోపలికి జారుతోంది. మళ్లీ సిరొంచకు పోయాం.

"మామా, దీని నోరు ఎందుకు ఇట్ల చేసినవు?"

"చెయ్యకుంటే అంచుకు దారం కోసుకపోదా?"

"దారం ఎక్కడిది మామా దీంట్ల? పెట్రోలు కదా పోయేది."

ఆయన చిమటా కింద పెట్టాడు. తర్వాత ఎంత నవ్వాడంటే లోపలి నుంచి ఆయన భార్య వచ్చి నిలబడింది.

"యాభై ఏండ్ల చెయ్యి బిడ్డా ఇది. పూసైనా గుండైనా, రంధ్రం తొలిస్తే నోరు నున్నగ తియ్యాలె. లేకుంటే నాలుగు నెలలకు దారం తెగి గొలుసు బాయిల పడ్తది. అది నేను చెయ్యలే. చెయ్యే చేసింది."

నోరు వెడల్పైతే లోపలికి పెట్రోలు సులువుగా జారుతుంది. అందుకే రంధ్రం కొలత సరిగ్గా ఉన్నా పెట్రోలు ఎక్కువ పోయింది. ఇది మేం చెబితే ఆయన ఒప్పుకోలేదు. ప్లగ్గు చూపించమన్నాడు, మసిని వేలితో రుద్ది చూశాడు. అప్పుడు ఒప్పుకున్నాడు. రెండో జెట్ తీసుకొని, అదే తీగ కొలతకు తొలిచాడు. తొలవడం అయ్యాక చెయ్యి దానంతట అది ఆ ఇంకో పనిముట్టు మీదికి పోయింది.

"వద్దు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"జర ఎవలన్న దీన్ని అటు దాయుండ్రి," అన్నాడు. ఆయన భార్య తీసి కొంగులో పెట్టుకుంది. జెట్‌ను మా ఆయన చేతిలో వేస్తున్నప్పుడు పెద్దాయన ముఖం చిన్నబోయింది. "నేను చేసిన్నని ఎవ్వలకు చెప్పకు అల్లుడా. మోటుగున్నది."

ఆ మోటు జెట్ సరిపోయింది. అయినా మళ్లీ ఆగితే నేను నడవాలని, నన్ను ఎక్కించుకొని పరీక్ష చేయడానికి మా ఆయన ఒప్పుకోలేదు. వడ్లు తూచే కాటా మీద ఒక పక్క నన్ను నిలబెట్టి, ఇంకో పక్క బస్తాలో వడ్లు పోశాడు. మా బరువులు సమానమయ్యాక బస్తా మూతి కట్టి, వెనక సీటు మీద వేసుకొని పోయాడు. రెండు గంటలకు తిరిగి వచ్చాడు.

"ఎక్కిందా?"

"ఎక్కింది. బస్తా మంచిది. తొవ్వ పొడుగూత ఒక్క మాట అనలే."

ప్లగ్గు విప్పి పట్టుకొచ్చాడు. లేత గోధుమ రంగులో ఉండాలని పుస్తకం అంటోంది.

"ఇది చాయ రంగులున్నది. సరేనా?"

"ఎట్లాంటి చాయ?"

"మీ అమ్మ పోసే చాయ. పాలు తక్కువ."

సరే అన్నాను.

సకాళ్ శాళా మొదటి రోజు అత్త పని చేసి, చీకటి విడిపోతుండగా బయలుదేరాం. ఎక్కుడు మొదట్లో ఆయన రెండో గేరుకు తగ్గించాడు. నేను సంచి భుజానికి ఎగదోసుకొని, సీటు వెనక కడ్డీ పట్టుకున్నాను. దిగడానికి కాళ్లు వాటంతట అవే సిద్ధమయ్యాయి.

"దిగకు," అన్నాడు వెనక్కి చూడకుండానే.

ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది, పోయింది. చప్పుడు మారలేదు. ఇప్పచెట్ల కింద పువ్వులు ఏరుతున్న ఒక ముసలామె నడుము ఎత్తి చూసింది. రోజూ నేను నడుస్తుంటే పలకరించే మనిషి.

"ఇయ్యాల నడుస్తలేవా బాయీ?" అని అరిచింది.

"లేదవ్వా!" అని అరిచాను. అంత గట్టిగా నేను అరవడం ఆయన అంతకుముందు వినలేదట.

పైకి చేరాక బండి ఆపాడు. ఏమైందన్నాను. ఏం కాలేదన్నాడు. ఊరికే ఆగాడు. కింద ఇప్పపువ్వు తెల్లగా రాలి ఉంది. ఇద్దరం చల్లగాలిలో కాసేపు కూర్చున్నాం, మళ్లీ బయలుదేరాం. ఏడు ఇరవైకి బడి చేరాను. గంట నేనే కొట్టాను. ఆ నెల చివర కేంద్రప్రముఖ్ వచ్చి, హాజరు పుస్తకం చూసి, ఏమీ రాయకుండా మూసేశాడు.

ఆ ఏడు డిసెంబరులో బండి మళ్లీ బలం తప్పింది. పుస్తకం వెతికితే, చలి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెట్రోలు కొంచెం ఎక్కువ కావాలని ఉంది. ఆయన లేచి దేవుని గూట్లో చేయి పెట్టి, పొట్లం విప్పాడు. మెరిసే మొదటి జెట్ అందులో దాచి ఉంచాడు. అది వేస్తే బండి ఎక్కింది. కొంచెం పొగ వదిలేది, అది నిజం. అయినా ఎక్కింది. ఈ సంగతి చెబితే అవుసులాయన ఆ జెట్ తన చేతిది అని సిరొంచ బజారంతా చెప్పుకున్నాడు.

అప్పటి నుంచి దీపావళి దాటాక నున్నది, హోళీకి మోటుది. మార్చే ప్రతిసారీ మా ఆయన పానాలు ముందు పెట్టుకొని నన్ను పిలిచేవాడు, ఆ రెండు పేజీలు చదవమని. ఆయనకు ఆ పేజీలు నోటికి వచ్చు. నాకు కూడా. అయినా చదివేదాన్ని. చివరి వాక్యం అయ్యేదాకా చెయ్యి వేసేవాడు కాదు. మూడేళ్లు నిండాక నన్ను పక్కా చేశారు. కాగితం వచ్చిన రోజు ఆయన దాన్ని కూడా చదివి వినిపించమన్నాడు.

మా ఆయన పోయి నాలుగేళ్లు. జబ్బు చేసి పోయాడు, దాని గురించి ఇక్కడ రాయను. ఈ రోజుల్లో వచ్చే బండ్లలో కార్బ్యురేటరే లేదు. గాలి, పెట్రోలు లెక్క బండే చూసుకుంటుంది. మా వైపు హోళీకి బండి జెట్ మార్చడం ఇప్పుడు ఎవరూ చేయరు.