ఓడ పక్క మీది బొటనవేలి గుర్తు

మా ఇంటికి వచ్చినవాళ్లందరూ అల్మారా మీది కర్ర ఓడను చూసి ఒకే మాట అంటారు. "గింత మంచిగ చేసినవ్ బాపూ, గీడ రంగు ఖరాబైంది. రుద్ది మళ్ల ఎయ్యరాదా?" విని విని విసుగొచ్చింది. రుద్దడం నాకు తెలియదా? సముద్రం మొహం చూడకుండా, పత్రికలో బొమ్మ చూసి, టేకు బద్దలను వేడినీళ్లలో నానబెట్టి, వంచి, ఒక్కొక్కటే అతికించి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దినవాణ్ణి నేను!

పందొమ్మిది వందల యాభైల్లో ఒకనాడు ఆ ఓడను ఒళ్లో పెట్టుకుని చార్మినార్ దగ్గర బస్సెక్కాను. నల్లరంగు ఇంకా పచ్చిగానే ఉంది. పక్కన కూర్చున్న తెల్లగడ్డం ముసలాయన వంగి చూసి, ఓడ పక్క మీద బొటనవేలు గట్టిగా ఆనించాడు.

"ఏంది చాచా గిది! రంగు పచ్చిగున్నది, కనవడ్తలేదా?" అని అరిచాను.

ఆయన వేలు తియ్యలేదు.

"నేను, మా ఇంటామె హజ్‌కు పోయినం బేటా. వాపస్ వచ్చేటప్పుడు జహాజ్‌లనే ఆమె పానం పోయింది. గిక్కడ్నుంచే సముందర్ల దించిన్రు. పూలెయ్యనీకె గోరీ గూడ లేదు."

అఫ్జల్‌గంజ్‌లో ఆయన దిగిపోయాడు. వేలికి అంటిన రంగు తుడుచుకోలేదు.

మొన్న మా అల్లుడు, నేను సంతోషిస్తాననుకుని, నల్లరంగు డబ్బా, కుంచె కొనుక్కొచ్చాడు.

"మస్తు మంచి రంగు బిడ్డా," అన్నాను. "పోయి గేటుకెయ్యి."