వెతికితే దొరికే వాక్యం

మా గైడ్ మేడంకు ఒక పట్టింపు. సోషల్ మీడియా వాడేవాళ్ల మీద పరిశోధన అంటే వాళ్ల పక్కన కూర్చోవాలి, ఫోన్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి. వాళ్లే పాత పోస్టుల్లోకి జరుపుకుంటూ వెళ్తారు, ఎక్కడ ఆగితే అక్కడి కథ చెప్తారు. మనం వినాలి. క్యాంపస్‌లో పక్క గదివాళ్లు వేలకు వేలు కామెంట్లు ఒక్క దెబ్బకు కంప్యూటర్‌లోకి దింపుకుంటుంటే, నేను ఒక్క ఫోటో దగ్గర చాయ్ చల్లారేదాకా కూర్చునేదాన్ని. మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను అదే రుచి మరిగాను.

అలా విన్నవాళ్లలో ఒక అక్క ఉంది. ఇల్లు తార్నాక నుంచి ఆటోలో వెళ్లేంత దూరం, అంతవరకే చెప్తాను. ముఖం చూపించకుండా, వేరే పేరుతో, తన రోజు గురించి రెండు మూడు మాటలు రాసి పెట్టేది. అత్తింట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఫోన్ గుంజుకుంటారు. ఒకరోజు ఆమె ఒక వాక్యం దగ్గర ఆగి, నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. నా చాప్టరంతా ఆ వాక్యం చుట్టూనే కట్టాను. థీసిస్ ఇంగ్లీషే అయినా దాన్ని తెలుగులో ఉన్నదున్నట్టు పెట్టాను. ఆమె పేరు, బస్తీ పేరు మార్చాను.

తార్నాకలో హోటల్లో కూర్చుని మేడం ఆ పేజీలు చదివారు. ఆ వాక్యాన్ని తన ఫోన్‌లో కొట్టి వెతికారు. అక్క అకౌంట్ వచ్చి ముందర నిలబడింది.

"పేరు దాచినవ్ గని మనిషిని పట్టిచ్చినవ్."

"థీసిస్ ఎవరు చదువుతరు మేడం?" అన్నాను ఉక్రోషంగా.

"ఆమెనే అడుగుదాం, పా."

అత్త ఇంట్లో లేని మధ్యాహ్నం చూసుకుని వెళ్లాం. మేడం చాప మీద కూర్చుని నా చాప్టర్‌ను తెలుగు చేసుకుంటూ అక్కకు చదివి వినిపించారు. వాక్యం ఎట్లా దొరుకుతుందో ఫోన్‌లో చూపించారు. అంత పెద్ద ప్రొఫెసర్ నా పేజీల కోసం అట్లా సంజాయిషీ చెప్పుకుంటుంటే నాకు ఆమె మీద గౌరవం పొంగుకొచ్చింది.

అక్క కాసేపు చాప అంచు గోటితో గీకుతూ ఉంది.

"నా మాట పుస్తకంల ఉంటదంటే మస్తు ఖుషీగున్నది మేడం. ఉండనియ్యుండ్రి. నేనే ఫోన్లకెళ్లి తీసేస్త. అప్పుడు దొరకది గద."

ఆ పోస్టు కింద ఎవరెవరో రాసిన పలకరింపులన్నీ ఒకప్పుడు మురిసిపోతూ నాకు చదివి వినిపించింది. అవీ దానితోపాటే పోతాయి. అయినా నాకు ఆశ పుట్టింది.

"వద్దమ్మా" అన్నారు మేడం. "అది నీ జాగ. మేం చూడనీకి వచ్చినోళ్లం. మా పని కోసం నీది తీసెయ్యకు."

పెన్ను నా చేతికిచ్చారు. అక్క ముందే ఆ వాక్యం కొట్టేశాను.

చాప్టర్ చప్పబడింది. ఇక్కడ ఆమె గొంతు వినబడాల్సిందని పరీక్షకులూ రాశారు. "రాయనియ్యి" అన్నారు మేడం.

ఆ వాక్యం ఇంకా అక్క దగ్గరే, దాని చోట్లోనే ఉంది. అప్పుడప్పుడు వెళ్లి చదువుకుంటాను. ఎంత బాగుంటుందో ఎవరికైనా చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఇక్కడ కూడా రాయడం లేదు.