నీరడి కాక ఎక్కని బస్సు

మా ఊరి నీరడి కాక పోయిన మంగళవారం తెల్లవారి చనిపోయాడు. ఆ సంగతి నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. మొదటి షిఫ్టు వాళ్ల హాజరు రాస్తున్నాను. మా ఊరి నుంచి పనికి వచ్చిన మనిషి ఒకడు పేరు రాయించుకుంటూ, "నీరడోడు పోయిండు, ఎరుకేనా?" అన్నాడు. రాస్తున్న వరుస పూర్తి చేసి, పక్కవాడికి పుస్తకం అప్పగించి ఇంటికి బయలుదేరాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నీరడి అంటే చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడడం అతని పని. కాక నాకు చుట్టం కాదు. మా రెండిళ్లకు నడుమ ఒకే గోడ. భుజాన పార, తలకు ఎర్ర తువ్వాల, మోకాళ్ల దాకా బురద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనను అట్లాగే చూశాను. నీళ్లు ఎప్పుడూ చివరి మడి నుంచి మొదలుపెట్టేవాడు. కాలువ మొదట్లో పొలాలున్న పెద్దవాళ్లకు ఇది నచ్చేది కాదు. ఒకసారి పటేలు మనిషి వచ్చి గద్దించాడు.

"ముందుగాల పటేలు మడి పారాలె. ఎవలనుకుంటున్నవ్‌రా?"

కాక పార మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "పటేలు మడి తూము కాడనే ఉన్నది దొరా. నేను తుమ్మినా తడుస్తది. కొసకున్న ముసల్దాని మడి నేను ఏడ్చినా తడవది."

వచ్చినవాడు నవ్వు ఆపుకోలేక వెళ్లిపోయాడు.

బొంబాయి రోడ్డు మా ఊరి పక్కనుంచే పోతుంది గానీ ఆ రోజుల్లో అక్కడ బస్సు ఆగేది కాదు. ఎక్కాలంటే రుద్రారం దాకా రెండు మైళ్లు నడవాలి. ఒక వానాకాలం కాక భార్యకు జ్వరం ముదిరింది. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోదామని ఆమెను మంచం మీద రోడ్డుకు మోసుకొచ్చాం. కాక తువ్వాల ఊపుతూ రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. రెండు బస్సులు హారన్ కొట్టి పక్కనుంచి పోయాయి. మూడోది వచ్చేసరికి తువ్వాల ఊపే అవసరం లేకపోయింది.

ఆమె పోయి నెల తిరక్కముందే, మా ఊరి దగ్గర బస్సు ఆపించమని అడగడానికి కాక సర్పంచి దగ్గరికి పోయాడు. నన్ను వెంట తీసుకుపోయాడు. మా వాడలో ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కడినే. అప్పుడు పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు కిరాయి గదుల కోసం తిరుగుతున్నారు. జీపుల్లో ఎవరెవరో వచ్చి సర్పంచి అరుగు మీద చాయ్ తాగి పోయేవాళ్లు. ఎందుకు వస్తున్నారని మేము అడగలేదు. సర్పంచి సమితి ఎన్నికల్లో నిలబడబోతున్నాడు కాబట్టి మా మాట వింటాడని మాత్రం అనుకున్నాం.

దరఖాస్తు నేను రాస్తానన్నాను. సర్పంచి నవ్వాడు.

"నీ రాతకు బస్సులాగుతయారా? మతలబు నా మనిషి ఇంగ్లీషుల రాస్తడు. మీరు ఊరోళ్ల నిశానీలు తెండ్రి. మీద జాగ ఇడిసిపెట్టుండ్రి."

మతలబు అంటే రాయాల్సిన విషయం, నిశానీ అంటే వేలిముద్ర. ఇంటికి వచ్చాక కాక, సర్పంచి ఇచ్చిన తెల్లకాగితాలు నా ముందు పెట్టాడు. "జెర మీద ఒక్క ముక్కన్న రాయరాదు బిడ్డా, బస్సు కోసమని. ఉత్త కాగితం మీద నిశానీ అడగాలంటె నాకెట్లనో ఉన్నది."

"కాగితం ఖరాబైతది కాకా. ఇడువుమన్నడు గద," అన్నాను. ఆ మాట నాది. ఇంకెవరిదీ కాదు.

ఆయన ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి నాలుగు రోజులు తిరిగాడు. ఉత్త కాగితమేందని అడిగినవాళ్లు ఒకరిద్దరే. నీరడి తెచ్చాడు కదా అని మిగతావాళ్లు వేలు ఒత్తారు. రోజూ పొద్దుగూకాక మా ఇంటికి వచ్చి, ముద్రలు ఒక్కొక్కటే చూపిస్తూ పేర్లు చెప్పేవాడు. అక్షరం రాదు గానీ మడుల వరుస లాగే ఇళ్ల వరుస ఆయనకు గుర్తుండేది. ఒక్క పేరూ తప్పలేదు. ముద్ర పక్కన నేను పేరు రాసేవాణ్ని. రాసింది నేనని వేలు ఒత్తినవాళ్లెవరికీ తెలియదు.

ఆరు నెలలకు రోడ్డు పక్కన ఇనుప గుంజకు రేకు బోర్డు వచ్చింది. మాకూ ఒక స్టేజీ వచ్చింది. సర్పంచి మొదటి బస్సుకు దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. జనం తోసుకుంటూ ఎక్కుతుంటే కాక పక్కకు జరిగాడు. "మీరు పోండ్రి. నేను రేపు ఎక్కుత," అన్నాడు.

ఆ సాయంత్రమే దండోరా వేశారు. చెరువు కింద భూములన్నీ ఫ్యాక్టరీకి పోతున్నాయి.

తెల్లారి అందరం ఒక రైతు ట్రాక్టరులో సంగారెడ్డి ఆఫీసుకు పోయాం. అక్కడి గుమస్తా ఫైలు మా వైపు తిప్పాడు. "మీరే రాసిచ్చిన్రు గద, భూములు ఇష్టపూర్తిగ ఇస్తున్నమని? ఈ నిశానీలు మీవి కావా?" పైన ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. కింద ముద్రలు. ముద్రల పక్కన నా అక్షరాలు. అవి ఎవరి అక్షరాలో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. కాక నా వైపు చూడలేదు.

"నిశానీలు తెచ్చింది నేనే," అన్నాడు.

బయటికి రాగానే ఒక రైతు ఆయన తువ్వాల పట్టి గుంజాడు. "తూము తిప్పినట్టే తిప్పినవ్ గదరా మా భూములు!" కాక కింద పడిన తువ్వాల తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు. నేను ట్రాక్టరెక్కి కూర్చున్నాను.

సర్పంచిని అడిగితే, "బస్సు అడిగిన్రు, తెచ్చిన. ఇగ భూములంటరా, సర్కారు అడిగితె ఇయ్యకుంట ఉంటమా?" అన్నాడు. ఆయన ఎన్నికల్లో గెలిచాడు. మా ఊరి ఓట్లూ ఆయనకే పడ్డాయి. ఫ్యాక్టరీలో కొలువులు ఇప్పించేది ఆయనేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. హాజరు రాసే పనికి నన్ను పెట్టించింది ఆయనే. నా దస్తూరి బాగుంటుందని చెప్పాడట.

బస్సు చెడ్డదని నేను అనను. జ్వరాలు ముదిరినవాళ్లు, నొప్పులొచ్చిన ఆడవాళ్లు ఆ బస్సులోనే దవాఖానకు పోయి బతికి వచ్చారు. వచ్చాక కాకను పలకరించిన వాళ్లు లేరు. పారించే మడులు లేక ఆయన రోడ్డు మీద కంకర కొట్టే పనికి పోయాడు. బీడీకి నిప్పు అడిగితే మొహం తిప్పుకునేవాళ్లు. సంగారెడ్డిలో పని పడితే రుద్రారం దాకా నడిచి అక్కడ బస్సెక్కేవాడు. వచ్చేటప్పుడూ అక్కడే దిగి నడిచేవాడు. బతికినన్నాళ్లూ మా స్టేజీలో ఎక్కలేదు, దిగలేదు.

ఒకసారి గట్టి వానలో బస్సు కిటికీలోంచి ఆయన కనబడ్డాడు. రుద్రారంలో దిగి ఎదురు నడిచాను.

"గింత వానల నడుసుడేంది కాకా? మన స్టేజీల ఎక్కొచ్చు గద."

"ఆడ ఎక్కితె బస్సు ఆగుతది. ఆగితె, మంచి పనే చేసిన అనిపిస్తది. నాకొద్దు."

ఆయన పక్కన అడుగు కలిపాను. "పేర్లు నేను రాసిన్నని ఊరోళ్లకు చెప్త," అన్నాను.

"చెప్తె ఏమైతది? ఒక్కని తిట్టెటోళ్లు ఇద్దర్ని తిడుతరు. భూములొస్తయా?" తువ్వాల పిండుకొని మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "నీ నౌకరి పోతది. పిల్లలున్నరు. నడువు."

ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన వద్దంటాడని తెలిసే అడిగాను.

మంగళవారం పాడె వెంట పదిహేను మందికి మించి లేరు. పాత బాటకు అడ్డంగా ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ ఉంది. అందుకని శవాన్ని రోడ్డు మీదుగా తీసుకుపోవాలి. దారి మధ్యలో పాడెను ఒకసారి నేల మీద దించి, చనిపోయినవాణ్ని చెవిలో మూడుసార్లు పిలిచే ఆచారం ఉంది. దించడానికి చదునైన చోటు స్టేజీ దగ్గరే దొరికింది. కొడుకు వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. ఇంకెవరన్నా పిలుస్తారా అన్నాడు. నేను ముందుకు పోయి కూర్చున్నాను. అక్కడైనా చెప్పాలనుకున్నాను. వెనక మనుషులున్నారు. "కాకా" అని మూడుసార్లు అని లేచాను. అక్కడ అనలేనిది ఇక్కడ రాశాను. ఈ పత్రిక మా ఊరికి కూడా వస్తుంది. చదవగలిగినవాళ్లు మిగతావాళ్లకు చదివి వినిపించాలి.

నేను లేచేసరికి సంగారెడ్డి బస్సు వచ్చి ఆగింది. మనుషులు గుమిగూడి ఉండడంతో కండక్టరుకు పాడె కనబడలేదు. "సంగారెడ్డి, సంగారెడ్డి! జల్దీ ఎక్కుండ్రి!" అని అరిచాడు. ఎవరూ కదలలేదు. తలుపు తీసి మెట్టు మీదికి దిగి చూశాడు. పాడె మీద ఎర్ర తువ్వాల కప్పి ఉంది. అతను గంట తాడు మీది నుంచి చెయ్యి తీసేశాడు. లోపల జనం కిటికీల్లోంచి చూస్తున్నారు.

మేము పాడె లేపి కదిలేదాకా ఆ బస్సు అక్కడే, తలుపు తెరుచుకొని, ఆగి ఉంది.